హాస్టల్ స్లాబు మీది సోలార్ హీటర్

2006లో దసరా సెలవులు అయిపోయిన వారం. మిర్యాలగూడకు బస్సులో అరగంట దూరంలో ఉన్న ఒక ఆడపిల్లల హాస్టల్ స్లాబు మీద టేపు పట్టుకొని కొలతలు తీసుకుంటున్నాను. ఊరి పేరు రాయను, అక్కడ ఇప్పటికీ పిల్లలు చదువుకుంటున్నారు. రెండంతస్తుల బిల్డింగు, నూట ఇరవై మంది పిల్లలు, వెనక ఒక బోరు, బోరు పక్కన రేకుల వంటగది. చలికాలం రాకముందే ఆ పిల్లలకు వేడినీళ్లు అందేలా సోలార్ హీటర్ బిగించడం నా పని.

అప్పటికి నేను ఈ పనిలోకి వచ్చి నాలుగేళ్లు. అంతకుముందు రైస్ మిల్లుల్లో మోటార్లు, స్టార్టర్లు బాగుచేసే ఎలక్ట్రీషియన్‌ని. తర్వాత మిర్యాలగూడలో చిన్న షాపు పెట్టి సోలార్ హీటర్లు, ఇన్వర్టర్లు బిగించడం మొదలుపెట్టాను. ఇళ్ల కంటే ఎక్కువగా హాస్టళ్లు, దవాఖానలు, కమ్యూనిటీ హాళ్ల పనే వచ్చేది. కరెంటు ఎప్పుడు ఉంటదో ఎప్పుడు పోతదో తెలియని రోజులు కాబట్టి అటువంటి చోట్ల సోలార్ మాట వింటారు. కానీ ఒక తేడా ఉంది. ఇంట్లో హీటర్ పాడైతే ఇంటాయన మర్నాడే ఫోన్ చేస్తాడు. నలుగురు వాడుకునే బిల్డింగులో పాడైతే ఎవరు ఫోన్ చేయాలన్నది ఎవరికీ తెలియదు. ఆ సంగతి నాకు అప్పటికి ఇంకా ఒంటబట్టలేదు.

ఈ హీటర్ పనిచేసే తీరు చాలా సాదాగా ఉంటుంది. నల్లటి ప్యానెల్ లోపల సన్నటి రాగి గొట్టాలు ఉంటాయి. ఎండకు వాటిలోని నీళ్లు వేడెక్కి పైకి లేచి ట్యాంకులో చేరతాయి, ట్యాంకులోని చల్లటి నీళ్లు కిందికి దిగుతాయి. మోటారు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. దీన్ని థర్మోసైఫన్ అంటారు. దానికి ఒకటే శత్రువు, ఉప్పు నీళ్లు. మా వైపు బోర్లలో వచ్చేవి చాలా వరకు అవే. వేడెక్కిన కొద్దీ అందులోని సున్నం గొట్టాల లోపలి గోడలకు పట్టి పేరుకుంటుంది. ఈ పెచ్చును స్కేలింగ్ అంటాం.

ఆ మాట నాకంటే ముందే ఎత్తిన మనిషి హాస్టల్ వంటామె సాయమ్మ. నేను కొలతలు అయిపోయి కిందికి దిగేసరికి ఆమె బోరు దగ్గర పెద్ద గంజు తోముతున్నది. నలభైకి దగ్గర వయసు ఉంటుంది. మాడుగులపల్లి దగ్గర గొర్లు కాసుకునే ఇల్లు వాళ్లది. భర్త లింగయ్య మందతో తిరుగుతాడు, బిడ్డ రేణుక అదే హాస్టల్లో ఆరో తరగతి. గంజు నా వైపు వంచి అడుగు చూపించింది. తెల్లగా గట్టిపడ్డ పెచ్చు.

"తమ్మీ, గీ నీళ్లేనా నీ గొట్టాలల్ల పోయేది?"

"అవునక్కా."

"మా గంజులకే మూడు నెల్లల్ల గిట్ల కడ్తది. సన్నటి గొట్టం ఎన్నాళ్లు ఆగుతది మరి?"

"దానికో పద్ధతి ఉందక్కా," అన్నాను.

ఉంది కూడా. హీట్ ఎక్స్ఛేంజర్ ట్యాంకు అంటారు. ప్యానెళ్లలో మంచినీళ్లు కొద్దిగా నింపి మూసేస్తాం. అవే తిరుగుతూ వేడిని మోసుకొచ్చి ట్యాంకు గోడ మీదుగా బోరు నీళ్లకు అందిస్తాయి. ఉప్పు నీళ్లు రాగి గొట్టాల్లోకి పోనే పోవు. నా మొదటి డ్రాయింగులో అదే వేశాను.

ఆ హీటర్ పెట్టిస్తున్నది మిర్యాలగూడలో మిల్లు నడిపే వెంకటేశ్వర్లు సేటు. వాళ్లమ్మ చనిపోయి ఏడాది కావస్తున్నది. "మా అమ్మ చలికాలం వేడినీళ్లు లేంది ముఖం గూడ కడిగేది కాదు. ఆమె సంవత్సరీకం నాడు ఆ పిల్లలు వేడినీళ్లతోని తానం జెయ్యాలె. నాకు గంతే," అన్నాడు. హీట్ ఎక్స్ఛేంజర్ ట్యాంకులు తయారై రావడానికి ఆరు వారాలు పడుతుందన్నారు. సంవత్సరీకం మూడు వారాల్లో ఉంది. మామూలు ట్యాంకులైతే హైదరాబాద్‌లో సిద్ధంగా ఉన్నాయి. ఇప్పటికి అవి పెట్టేసి ఎండాకాలం సెలవుల్లో మారుస్తానని నేనే చెప్పాను. సేటు నన్ను తొందర పెట్టలేదు. ఆరు వారాలు ఆగమంటే బాధపడేవాడు గానీ ఆగేవాడు. ఆయన మొహం చూసి కాదనలేకపోయాను. కాదనలేకపోవడాన్ని అప్పట్లో మంచితనం అనుకునేవాణ్ని.

ఇంకొకటి కూడా చూశాను. స్నానాల గదుల వరండాలో ఒక స్విచ్ బోర్డు ఉంది. ప్లగ్గులో మూడో రంధ్రం, అంటే ఎర్తింగ్ ఉండాల్సిన చోటు, ఉత్తదే. వెనక వైరు లేదు. ఫ్యూజులో సన్న తీగ బదులు లావుపాటి తీగ చుట్టి ఉంది. ఎర్తింగ్ అంటే, వస్తువులో కరెంటు లీకైతే అది మనిషి ఒంట్లోంచి పోకుండా భూమిలోకి పోయే దారి. ఫ్యూజు అంటే ఆ వెంటనే తెగాల్సిన తీగ. అక్కడ రెండూ లేనట్టే. పని పూర్తయిందని ఇచ్చిన కాగితం చివర 'వైరింగ్ సరిచేయించుకోవలెను' అని ఒక లైను రాశాను. ఎర్తింగ్ గుంత తవ్వి వైరు లాగడం నాకు అరపూట పని. అది నా పని కాదని ఆ లైనుతో సరిపెట్టుకున్నాను.

సంవత్సరీకం నాడు ఎనిమిది ప్యానెళ్లు, రెండు ట్యాంకులతో హీటర్ మొదలైంది. ఆ చలికాలం బాగా నడిచింది. సాయమ్మ అంతకుముందు నాలుగు గంటలకే లేచి, జ్వరమొచ్చిన పిల్లలకూ నెలసరి వచ్చిన పిల్లలకూ పొయ్యి మీద నీళ్లు కాచేది. మిగిలినవాళ్లు బోరు నీళ్లే పోసుకునేవాళ్లు. ఇప్పుడు నల్లా తిప్పితే పొగలు కక్కుతూ వస్తున్నాయి. ట్యాంకు అడుగున ఉండే డ్రెయిన్ వాల్వ్, అంటే మడ్డి నీళ్లు వదిలే నల్లా, ఎట్లా తిప్పాలో ఆమెకు చూపించాను. ప్రతి ఆదివారం స్లాబెక్కి తిప్పేది. ప్యానెల్ పైగొట్టం మీద చెయ్యి పెట్టి చూసేది. కాలితే నీళ్లు తిరుగుతున్నట్టు, కాలకపోతే గొట్టం మూసుకుపోతున్నట్టు అని ఒకసారి చెప్తే మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆమె పేరు నా కాగితాల్లో ఎక్కడా లేదు. వాటిలో వార్డెన్ పేరుంది, సేటు పేరుంది.

ఎండాకాలం సెలవులు వచ్చాయి, పోయాయి. ట్యాంకులు మార్చలేదు. మంచిగా నడుస్తున్నదాన్ని ఎందుకు విప్పడం అనుకున్నాను. 2008 చివర్లో నీళ్లు గోరువెచ్చగా వస్తున్నాయని సాయమ్మ కబురు చేస్తే వెళ్లి డీస్కేలింగ్ చేశాను. పల్చటి యాసిడ్ గొట్టాల్లో తిప్పి పెచ్చు కరిగించడం అన్నమాట. తెల్లటి మడ్డి బకెట్లు బకెట్లుగా దిగింది. ఆరు నెలలకోసారి ఇట్లా చేయాల్సిందేనని ఆమెకు చెప్పాను. ఆ ఆరు నెలలు గుర్తుపెట్టుకోవాల్సింది నేనే, పెట్టుకోలేదు.

2009 నవంబరులో నేను కోదాడలో ఉన్నాను. ఒక కమ్యూనిటీ హాలుకు సోలార్ పవర్, బ్యాటరీలు పెట్టే పని, అప్పటిదాకా నేను చేసినవాటిలో అతిపెద్దది. సాయమ్మ ఫోన్ చేసింది.

"తమ్మీ, పైగొట్టం సల్లగైంది. నీళ్లు బోరుల ఎట్లున్నయో నల్లాల గట్లనే వస్తున్నయ్."

"వస్తా అక్కా. ఈ వారం అయిపోనీ."

రెండో వారం మళ్లీ చేసింది. "వస్తనంటివి కద."

"ఇక్కడ పని మధ్యల ఉంది. ఆదివారం చూస్తా."

మూడోసారి ఆమె గొంతు తగ్గింది. ఎవరినో దాటుకొని చేస్తున్నట్టు మాట్లాడింది. "కొత్త మేడం రాడ్ తెచ్చిందయ్యా, నీళ్లు కాగవెట్టే కరెంటు రాడ్. దాన్ని సూస్తెనే నాకు భయమైతది. జర తొందరగ రా తమ్మీ."

"జాగ్రత్తగా వాడండి, రెండు రోజుల్లో వస్తా," అన్నాను. స్విచ్ బోర్డు నాకు గుర్తుకు రాలేదు. నిజం చెప్పాలంటే గుర్తొచ్చింది, కానీ నిచ్చెన మీద ఉన్నాను, చేతిలో పని ఉంది. తర్వాత రెండు మిస్డ్ కాల్స్ వచ్చాయి. తిరిగి చేయలేదు.

డిసెంబరు మొదట్లో ఒక సోమవారం ఉదయం ఏడు గంటలకు ఆ కొత్త వార్డెన్ మేడం ఫోన్ చేశారు. ఆమెది కోదాడ. "మీరు ఒకసారి రావాలండీ. సాయమ్మకు షాక్ కొట్టింది. లేదండీ ఇక. పోయింది."

నేను వెళ్లేసరికి ఆమెను తీసుకుపోయారు. పిల్లలందరినీ పై అంతస్తులో కూర్చోబెట్టారు. వరండాలో అల్యూమినియం గంజు పక్కకు దొర్లి ఉంది, నేలంతా తడి. ఎనిమిదో తరగతి పిల్లకు జ్వరమొస్తే నీళ్లు పెట్టిందట. వేడెక్కాయో లేదో చూడటానికి వేలు ముంచింది. రాడ్ చేతిలోకి తీసుకొని చూశాను. కొని నెల కూడా కాలేదు. దాని మీద కూడా తెల్లటి పెచ్చు కట్టి ఉంది, పెచ్చు కింద తొడుగు పగిలింది. గంజులో కరెంటు దిగింది. ఎర్తింగ్ లేదు, ఫ్యూజు తెగలేదు.

స్లాబెక్కాను. ఎండ బాగా ఉంది. పైగొట్టం మీద చెయ్యి పెట్టాను, మంచులా ఉంది. డ్రెయిన్ వాల్వ్ కింద తడి ఇంకా ఆరలేదు. పాడైన హీటర్‌కు కూడా ఆమె ఆదివారం ఆదివారం మడ్డి నీళ్లు వదులుతూనే ఉంది.

మూడు రోజుల తర్వాత విచారణకు ఒక అధికారి వచ్చారు. టెక్నికల్ మనిషినని నన్ను స్టేట్‌మెంట్ ఇమ్మన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు, ఫైలు తొందరగా మూయాలని చూస్తున్న మనిషి. "సోలార్ సరిగ్గానే బిగించారు, రాడ్ అజాగ్రత్తగా వాడటం వల్ల జరిగింది. నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టండి. మీకూ తలనొప్పి ఉండదు," అన్నారు. వార్డెన్ మేడం కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. రాశాను. 'వంటామె అజాగ్రత్త వలన' అన్న మాట నా చేతిరాతలోనే ఉంది. సంతకం పెట్టి, బండి మీద మిర్యాలగూడ వచ్చి, షాపు తెరిచి, ఎవరికో ఇన్వర్టర్ అమ్మాను కూడా.

పదకొండో రోజు దాటాక వాళ్లింటికి పోయాను. ఎందుకు పోతున్నానో నాకే సరిగ్గా తెలియదు. పలకరించి వద్దామనే అనుకున్నాను. లింగయ్య దొడ్డి దగ్గర ఉన్నాడు, గొర్లను ఇంకా మేతకు తోలలేదు. పొడుగాటి మనిషి, గొంగడి భుజం మీద వేసుకొని ఉన్నాడు.

"ఎవలు?"

"సోలార్ పని చేస్తానన్నా. హాస్టల్లో హీటర్ పెట్టింది నేనే."

ఆయన మంచం వాల్చి కూర్చోమన్నాడు. "నీ సంగతి జెప్పేది. సోలార్ తమ్ముడొస్తడు, వొచ్చినంక నీళ్లు మంచిగైతయ్, ఇగ ఆ రాడ్ అవుతల పారేస్త అనేది. ఆఖరుసారి ఇంటికొచ్చినప్పుడు గూడ గదే మాట."

ఆ మాట విన్నాక పలకరించి రావడం కుదరలేదు. మూడుసార్లు ఫోన్ చేసిందని, నేను పోలేదని చెప్పాను. మిస్డ్ కాల్స్ సంగతి చెప్పాను. మొదట్లోనే వేరే రకం ట్యాంకు పెట్టాల్సి ఉండె, పెట్టలేదని చెప్పాను. బోర్డులో తప్పు మూడేళ్ల కిందటే చూశానని చెప్పాను. చివరకు స్టేట్‌మెంట్ సంగతి. "ఆమె అజాగ్రత్త అని రాసి సంతకం పెట్టిన అన్నా."

గొర్లు దొడ్డిలో మసులుతున్నాయి. ఆయన కేకలు వేస్తాడనుకున్నాను. కొట్టినా పడదామనే కూర్చున్నాను. ఆయన నేల చూస్తూ మాట్లాడాడు.

"ఇరవై ఏండ్లు సంసారం జేసిన. ఒక్కనాడు పొయ్యి మీద పాలు పొంగనియ్యలే ఆమె. కందిల్ల గాసునూనె అయిపోతే చీకట్లనే ముట్టుకోకుండ కూసునేది, తెల్లారినంక పోసేది. గసుంటి మనిషిని అజాగ్రత్త అని రాస్తివా?"

"రాసిన అన్నా," అన్నాను.

"రాసింది కొట్టేయి," అన్నాడు. మళ్లీ, "నా బిడ్డ ఇంక గాడనే ఉన్నది. చలి ముదిరింది. నీళ్లు జేస్తవా, చెయ్యవా?" అన్నాడు.

"చేస్తానన్నా."

"మాట మీద నాకు నమ్మకం లేదు. చేసినంక కబురు జెయ్యి."

మర్నాడే ఆ అధికారి ఆఫీసుకు పోయి రెండో స్టేట్‌మెంట్ ఇచ్చాను. హీట్ ఎక్స్ఛేంజర్ పెట్టకపోవడం నా నిర్ణయమని, పాడైందని సాయమ్మ మూడుసార్లు చెప్పిందని, ఎర్తింగ్ లేని బోర్డులో ఎంత జాగ్రత్తగా ఉన్నా ప్రమాదం తప్పదని రాశాను. ఆయన రెండుసార్లు చదివారు. "ఇప్పుడెందుకండీ ఇది? ఫైలు పైకి వెళ్లిపోయింది. మిమ్మల్నే ఇబ్బంది పెడుతుంది," అన్నారు. జతపరుస్తానని తీసుకున్నారు. జతపరిచారో లేదో తెలియదు. మళ్లీ రెండుసార్లు వెళ్లి అడిగాను, సూర్యాపేటలో ఒక వకీలును కూడా కలిశాను. ఎండాకాలంలో వచ్చిన ఆర్డర్‌లో మృతురాలి స్వంత అజాగ్రత్త అనే ఉంది. నేను రాసిన మొదటి కాగితమే నిలిచింది. దాన్ని ఇప్పటికీ ఎవరూ మార్చలేదు. లింగయ్యకు ఆ ఆర్డర్ చదివి వినిపించాల్సిన పని కూడా నామీదే పడింది. ఆయన విని, కాగితం మడిచి నాకే ఇచ్చేశాడు.

హాస్టల్ పని మాత్రం చేశాను. జరిగింది ఉన్నదున్నట్టు చెప్తే సేటు తల పట్టుకొని కూర్చున్నాడు. "మా అమ్మ పేరు మీద పెట్టిస్తినయ్యా. ఇంకో మూడు వారాలు ఆగుమని చెప్తే నేను ఆగకపోదునా?" అన్నాడు. ఆయన కోపం చూసింది ఆ ఒక్కసారే. ట్యాంకులు ఆయనే తెప్పించాడు. ముందు నేను ఎర్తింగ్ గుంత తవ్వాను, అరపూటే పట్టింది. బోర్డు మార్చి ఈఎల్‌సీబీ పెట్టాను. కరెంటు దారి తప్పితే రెప్పపాటులో సప్లై తెంపే స్విచ్ అది. సంక్రాంతి తర్వాత ట్యాంకులు మారాయి. లింగయ్యకు కబురు చేస్తే స్వయంగా వచ్చాడు. నల్లా కింద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. బిడ్డను పిలిచి నాలుగు మాటలు మాట్లాడి వెళ్లిపోయాడు.

పిల్లలు ఆ స్నానాల గదుల్లోకి పోవడానికి చాలా రోజులు భయపడ్డారని మేడం చెప్పారు. నీళ్లు వేడిగా వస్తున్నా కొందరు బోరు దగ్గరే చన్నీళ్లు పోసుకున్నారట. రేణుక పదో తరగతి దాకా అక్కడే చదివింది. నేను ఆరు నెలలకోసారి పోయినప్పుడు కనపడేది, నమస్తే పెట్టేది. ఆ పిల్లతో ఐదు నిమిషాలు నిలబడి మాట్లాడే ధైర్యం నాకు ఒక్కసారి కూడా రాలేదు.

ఇప్పటిదాకా మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట చుట్టూ ఎన్నో బిల్డింగులకు ఈ పని చేశాను. సోలార్ వల్ల కరెంటు ఆదా అవుతుంది, కట్టెలు మిగులుతాయి, పొగ ఉండదు. అవన్నీ నిజమే, ఇప్పటికీ చెప్తాను. కానీ కొత్త వస్తువు బిగించేవాళ్లం అది నడిచే రోజులనే లెక్కలోకి తీసుకుంటాం. అది ఆగిపోయిన రోజు కూడా పొద్దున్నే ఎవరో ఒకరు నీళ్లు కాచాల్సిందే. ఆ ఒకరు ఎవరు, ఆ పూట ఏం చేస్తారు, దేన్ని ముట్టుకుంటారు అన్నది చూడకుండా ఇచ్చిన హీటర్ సగం పనే.

అందుకే ఇప్పుడు ఏ హాస్టల్‌కు పోయినా, ఏ దవాఖానకు పోయినా స్లాబెక్కే ముందు వంటగదిలోకి పోతాను. అక్కడ పనిచేసే మనిషి పేరు అడిగి రాసుకుంటాను, నా నంబరు ఆమె ఫోన్‌లో నేనే ఎక్కిస్తాను. తర్వాత ఒకటే మాట అడుగుతాను, ఇది పనిచెయ్యని రోజు నీళ్లు ఎట్లా కాస్తారు అని. చాలా చోట్ల ఆ మనిషి చేతులు తుడుచుకొని, లేచి వెళ్లి ఒక రాడ్ తెచ్చి చూపిస్తుంది. అప్పుడు టేపు పక్కన పెట్టి, ముందు ఆ ప్లగ్గు విప్పుతాను.

సాయమ్మను నేను ఆ మాట అడగలేదు. అడిగి ఉంటే ఆమె చెప్పేది.